ఆడవాళ్ల ఫాస్టింగ్: లెక్క గంటల్లో లేదు, కంచంలో ఉంది

ఒక పూట తినేవాడు యోగి, రెండు పూటలు తినేవాడు భోగి, మూడు పూటలు తినేవాడు రోగి. చిన్నప్పటి నుంచి వింటున్న సామెతే. ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్, అంటే గంటలు లెక్కపెట్టుకుని పస్తుండటం గురించి తిరిగే పోస్టర్ల పుణ్యమా అని మళ్లీ రోజుకోసారి కనిపిస్తోంది. అయితే ఆ ముగ్గురూ 'తినేవాడు'లే. ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినే ఆవిడ యోగో, భోగో, రోగో సామెత చెప్పదు.

మాట విరుపు కోసం అనడం లేదు. సైన్సులోనూ చాలాకాలం ఇదే జరిగింది. మధ్యాహ్నం 3 గంటల లోపే ఆ రోజు తిండి ముగించేస్తే, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడుతుందని, బీపీ తగ్గుతుందని 2018లో అమెరికాలో ఒక ప్రయోగం తేల్చింది. ఫాస్టింగ్ గురించి మాట్లాడే ప్రతి డాక్టరూ, ప్రతి యూట్యూబరూ దాన్ని ఏదో ఒక రూపంలో చెబుతారు. అందులో పాల్గొన్నది 8 మంది. ఎనిమిది మందీ మగవాళ్లే, షుగర్ అంచున ఉన్నవాళ్లే. ప్రయోగం మంచిదే, జాగ్రత్తగా చేసిందే. కానీ దాని ఫలితాన్ని తీసుకొచ్చి పాతికేళ్ల అమ్మాయికి యథాతథంగా అంటగడితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా అక్క కూతురికి మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. గచ్చిబౌలిలో ఉద్యోగం, 54 కిలోల బరువు. లావని ఎవరూ అనరు, పెళ్లి ఫోటోలు తప్ప. జిమ్‌లో ట్రైనర్ '16:8 చెయ్యి, రెండు నెలల్లో పొట్ట పోతుంది' అన్నాడు. ఫోన్‌లో యాప్ పెట్టుకుంది. మధ్యాహ్నం 12కి మొదలుపెట్టి రాత్రి 8కి ఆపేయడం, మిగతా పదహారు గంటలూ నీళ్లు, బ్లాక్ కాఫీ. రెండో నెల చివర్లో ఒకరోజు ఫోన్ చేసింది. "పిన్నీ, డేట్ వచ్చి నలభై ఎనిమిది రోజులైంది. అమ్మకి చెప్పకు, టెన్షన్ పడుతుంది."

ఆ పిల్ల చేసిన తప్పేంటో చెప్పాలంటే, ముందు ఈ ఫాస్టింగ్ అసలు ఏం చేస్తుందో చూడాలి.

ఎందుకు పనిచేస్తుంది?

రకాలు చాలానే ఉన్నాయి. రోజులో 8 గంటల్లోనే తిని 16 గంటలు ఆపితే 16:8. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని రెండు రోజులు బాగా తగ్గిస్తే 5:2. రోజు విడిచి రోజు చేసేవాళ్లు, రోజుకి ఒక్క పూటే తినేవాళ్లు కూడా ఉన్నారు. మన దగ్గర ఎక్కువ మంది చేసేది 16:8. ఎందుకంటే అందులో చేయాల్సిందల్లా పొద్దున టిఫిన్ మానేయడమే అనుకుంటారు.

మన కాలేయంలో సుమారు వంద గ్రాముల చక్కెర నిల్వ ఉంటుంది. రాత్రి భోజనం అయ్యాక కొన్ని గంటలకు శరీరం అందులోంచి వాడుకోవడం మొదలుపెడుతుంది. పన్నెండు గంటలు దాటేకొద్దీ ఆ నిల్వ తగ్గి, కొవ్వు కరిగించుకోవడం పెరుగుతుంది. ఇన్సులిన్ కిందికి దిగుతుంది. ఇంతవరకు నిజమే. సరిగ్గా పదహారో గంటకి కణాల్లో శుభ్రం చేసే పని మొదలవుతుందన్న కథ మాత్రం పోస్టర్ల సృష్టి. ఆటోఫజీ అనే ఆ శుభ్రం చేసే పని మీద పరిశోధనకి జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట వాస్తవమే. ఆయన ఆ రహస్యాన్ని విప్పింది ఈస్టులో. మనిషి ఒంట్లో ఫలానా గంటకి అది స్విచ్ వేసినట్టు మొదలవుతుందని చూపే రక్తపరీక్ష ఏదీ మన ల్యాబుల్లో లేదు.

బరువు సంగతికి వస్తే, రెండు ప్రయోగాలు గుర్తు పెట్టుకోవాలి. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 116 మంది మీద 12 వారాలు 16:8 పరీక్షించారు. ఎంత తినాలో చెప్పలేదు, ఎప్పుడు తినాలో మాత్రమే చెప్పారు. రోజుకి మూడు పూటలు తిన్నవాళ్లకీ వీళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఫాస్టింగ్ చేసినవాళ్లలో తగ్గిన కాస్త బరువులోనూ కండ వాటా ఎక్కువగా ఉంది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయం ఉన్నవాళ్లని ఏడాది పాటు చూశారు. అందరికీ ఒకేలా కేలరీలు తగ్గించి, సగం మందికి మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్లు 8 కిలోలు తగ్గితే, గంటల పట్టింపు లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. లెక్కల ప్రకారం ఆ తేడా నిలబడలేదు.

అంటే ఫాస్టింగ్‌తో బరువు తగ్గేది గడియారం మహిమ వల్ల కాదు, తినే సమయం కుదించేసరికి తిండి తగ్గిపోవడం వల్ల. రాత్రి 10 గంటలకి టీవీ ముందు పడే మిక్చరు, పెరుగన్నం మీద మరో గరిటె అన్నం, స్వీటు ముక్క మాయమవుతాయి. బరువు ఎక్కువున్నవాళ్లకి అది మంచిదే, లెక్కలు వేసుకునే ఓపిక లేనివాళ్లకి ఇంకా సులువు. అందుకే దీన్ని కొట్టిపారేయను. మా ఎదురింటి ఆవిడకి నలభై ఎనిమిదేళ్లు, 76 కిలోలు, బోర్డర్ షుగర్. ఆవిడ చేసింది ఒక్కటే. రాత్రి తొమ్మిదిన్నరకి తినే అన్నాన్ని ఏడింటికి జరిపింది, ఆ తర్వాత ఏమీ ముట్టుకోవడం లేదు. ఆర్నెల్లలో ఐదు కిలోలు తగ్గింది, షుగర్ రిపోర్టు చూసి డాక్టరే మెచ్చుకున్నారు. నాకు తెలిసిన విజయగాథ అదొక్కటే కాదు కూడా.

మరి ఆవిడకి మేలు చేసింది మా పిల్లకి ఎందుకు బెడిసికొట్టింది?

గాదెలో గింజ

నెలసరి గర్భసంచిలో మొదలవుతుందనుకుంటాం గానీ, దాని తాళంచెవి మెదడులో ఉంది. హైపోథలామస్ అనే చిన్న భాగం గంటకో గంటన్నరకో ఒకసారి ఒక హార్మోన్‌ని విడుదల చేస్తుంది. ధారగా కాదు, గుండె కొట్టుకున్నట్టు లయగా. ఆ లయ అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని అదే తీరులో వదులుతుంది. అది అండాశయానికి చేరితేనే అండం పండుతుంది. లయ నెమ్మదిస్తే అండం ఆలస్యమవుతుంది. ఆగిపోతే డేట్ రాదు.

ఈ లయని నడిపే నరాల కణాలు ఒంట్లో ఎంత శక్తి వస్తోంది, ఎంత పోతోంది అన్నది నిరంతరం కనిపెడుతూ ఉంటాయి. గాదెలో గింజ చూసుకుని గానీ పెళ్లి మాట ఎత్తని రైతు లాంటిది హైపోథలామస్. గర్భం అంటే తొమ్మిది నెలల ఖర్చు, ఆ తర్వాత పాలిచ్చే నెలల ఖర్చు. ఇప్పుడు తిండే సరిగ్గా లేదు, ఈ నెలకి వద్దులే అని వాయిదా వేస్తుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త. కానీ వాయిదా నెలల తరబడి సాగితే ఈస్ట్రోజెన్ పడిపోతుంది, దాంతో ఎముక బలహీనపడుతుంది. ముప్ఫై ఏళ్ల లోపు కూడబెట్టుకోవాల్సిన ఎముక అది.

ఎంత తక్కువ తింటే ఈ లయ చెదురుతుంది? అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ లౌక్స్ దీన్ని కొలిచారు. 2003లో వచ్చిన ఆ అధ్యయనంలో నెలసరి సక్రమంగా వచ్చే 29 మంది యువతులతో లెక్క ప్రకారం వ్యాయామం చేయించి, లెక్క ప్రకారం తిండి పెట్టారు. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి పోయినవి తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు కాని ఒంటి బరువుతో భాగిస్తే వచ్చే అంకెని చూశారు. కిలోకి 30 కేలరీల దగ్గర ఎల్‌హెచ్ లయ నిలబడింది. 20కి, 10కి దించితే నెమ్మదించింది. ఎన్నాళ్లలో అనుకుంటున్నారు? ఐదు రోజుల్లో. నెలసరి తప్పడం నెలలకి గానీ కనిపించదు. లోపల మాత్రం వారం తిరక్కుండానే మార్పు మొదలైంది.

ఈ 30 అందరికీ గీసిన లక్ష్మణరేఖ కాదు. మనిషికీ మనిషికీ మారుతుంది. అయినా ఒక అందాజుకి పనికొస్తుంది కాబట్టి ఆ రోజు ఫోన్‌లోనే మా పిల్ల తిండి లెక్క కట్టాను.

పొద్దున జిమ్, తర్వాత బ్లాక్ కాఫీ. పన్నెండున్నరకి ఆఫీస్ క్యాంటీన్‌లో రెండు పుల్కాలు, కూర, కప్పు పెరుగు. నాలుగింటికి ఆపిల్, గుప్పెడు బాదం. ఏడున్నరకి మొలకల సలాడ్, ఒక్కోరోజు ఓట్స్. ఎటు నుంచి ఎటు చూసినా వెయ్యి కేలరీలు దాటవు. జిమ్‌లో 240 దాకా ఖర్చు. మిగిలింది 760. జిమ్ మెషీన్ లెక్క ప్రకారం కొవ్వు తీసేస్తే ఒంటి బరువు 38 కిలోలు. భాగిస్తే 20.

"అంటే నేను ఫాస్టింగ్ చెయ్యడం లేదా పిన్నీ?"

"చేస్తున్నావే తల్లీ, పదహారు గంటలు కాదు, ఇరవై నాలుగు గంటలూ చేస్తున్నావు."

అసలు సంగతి అక్కడుంది. అదే ఎనిమిది గంటల్లో 1,700 కేలరీలు తిని ఉంటే కథ వేరేగా ఉండేది. పాతిక ఏళ్ల పిల్ల, సన్నగా ఉన్నది, రోజూ గంట వ్యాయామం చేస్తున్నది, రెండు పూటల్లో ఆ మోతాదు తినడం అంత తేలిక కాదు. పైగా తినడానికి భయపడే పిల్ల ఎలాగూ తినదు. ఎదురింటావిడకి వెనకాల నిల్వ ఉంది, వ్యాయామం లేదు, మానేసింది పొద్దుపోయాక తినే అనవసరమైన తిండి. ఇద్దరూ చేసింది ఫాస్టింగే, పేరొక్కటే.

ప్రెగ్నెన్సీ కాదని తేలాక, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్) పరీక్షలు చేయించుకోమన్నాను. నెలసరి తప్పితే ఫాస్టింగ్ వల్లే అని ఎవరికి వాళ్లు తేల్చేసుకోవడం కూడా తప్పే. మూడు నెలలు రాకపోతే డాక్టర్ని కలవాల్సిందే.

భయపెట్టే కథలు, వాటి పక్కన ఉండే నిజాలు

ఫాస్టింగ్ ఆడవాళ్ల హార్మోన్లని నాశనం చేస్తుందని చెప్పే వీడియోల్లో తరచు ఎలుకల అధ్యయనం ఒకటి వస్తుంది. అది మన దేశంలో చేసిందే. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఆ ప్రయోగం 2013లో అచ్చయింది. వయసులో ఉన్న ఎలుకలకి 12 వారాలు రోజు విడిచి రోజు తిండి ఆపితే ఆడ ఎలుకల రుతుచక్రం గాడి తప్పింది. నిజమే. కానీ ఎలుక బతికేదే రెండు మూడేళ్లు. దానికి ఒక రోజు పస్తు అంటే మనకి కొన్ని రోజుల పస్తుతో సమానం. పన్నెండు వారాలంటే దాని జీవితంలో పెద్ద ముక్క. పొద్దున ఇడ్లీ మానేయడంతో దాన్ని పోల్చకూడదు.

రెండో వైపు, షికాగోలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఊబకాయం ఉన్న 23 మంది స్త్రీలని చూశారు. కొందరికి నెలసరి వస్తోంది, కొందరికి ఆగిపోయింది. రోజులో నాలుగు నుంచి ఆరు గంటల్లోనే తిండి, ఎనిమిది వారాల పాటు. టెస్టోస్టిరాన్ లాంటివేవీ మారలేదు. డీహెచ్ఈఏ అనే హార్మోన్ ఒక్కటి 14 శాతం దాకా తగ్గింది, అదీ మామూలు హద్దుల్లోనే. దీన్ని చూపించి ఆడవాళ్లకి ఏమీ కాదని చెప్పేవాళ్లున్నారు. ఊబకాయం ఉన్న కొద్దిమందిని రెండు నెలలు చూసిన ఫలితం అది. సన్నటి అమ్మాయిలకి వర్తించదు.

2024 మార్చిలో పేపర్లన్నీ రాసిన వార్త ఇంకోటి ఉంది. ఎనిమిది గంటల లోపే తినేవాళ్లలో గుండెజబ్బు మరణాలు 91 శాతం ఎక్కువ అని. అమెరికాలో 20 వేల మంది వివరాలు అవి. ఏ రెండు రోజుల్లోనో ఏం తిన్నారో అడిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమైందో చూశారు. ఆ రెండు రోజులు తక్కువ తిన్నవాళ్లు డైట్ కోసం తినలేదో, ఒంట్లో బాగోక తినలేదో, రెండు షిఫ్టుల ఉద్యోగంలో తీరిక లేక తినలేదో ఎవరికి తెలుసు? దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు.

పీసీఓఎస్ ఉంటే లెక్క వేరు

ఇక్కడ కథ తిరగబడుతుంది. పీసీఓఎస్ అంటే హార్మోన్లు గాడి తప్పి అండాశయం సరిగ్గా పనిచేయని సమస్య. అది ఉన్న చాలామందిలో ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. దాంతో ఇన్సులిన్ ఎక్కువ ఊరుతుంది, అది అండాశయాన్ని పురుష హార్మోన్లు ఎక్కువ తయారుచేసేలా రెచ్చగొడుతుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, మూడు నెలలకోసారి వచ్చే పీరియడ్స్, అన్నీ దాని సంతానమే. ఇన్సులిన్ తగ్గించేది ఏదైనా, బరువు తగ్గడమైనా, వ్యాయామమైనా, ఇక్కడ మేలు చేస్తుంది.

చైనాలో 2021లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పీసీఓఎస్ ఉన్న 15 మంది ఐదు వారాలు పొద్దున 8 నుంచి సాయంత్రం 4 మధ్యలోనే తిన్నారు. పదకొండు మందికి నెలసరి మెరుగుపడింది, పురుష హార్మోన్ల లెక్కా తగ్గింది. సంబరపడేముందు ఒకటి గమనించాలి. పోల్చడానికి ఫాస్టింగ్ చేయని గుంపు అందులో లేదు. పదిహేను మందే. ఆశ కలిగించే మాట, అంతే.

ఆ 8 నుంచి 4 అన్న సమయాన్ని మాత్రం మళ్లీ చూడండి. ఆ ఎనిమిది మంది మగవాళ్లు మధ్యాహ్నం మూడుకే ముగించారు. లాభం చూపించిన వాటిలో పెందలాడే తిన్నవే ఎక్కువ. పొద్దుటి పూట మన ఒళ్లు చక్కెరని బాగా సర్దుకుంటుంది, రాత్రయ్యేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. మనం చేసేది సరిగ్గా తలకిందులు. పొద్దున మానేసి రాత్రి తింటాం.

వంటింటి టైంటేబుల్

ఎందుకు తలకిందులు చేస్తామో కనుక్కోవడానికి పరిశోధన అక్కర్లేదు, ఒక ఇల్లు చూస్తే చాలు. పొద్దున ఆరింటికి లేచి క్యారియర్లు కట్టే మనిషికి పదకొండు దాకా కూర్చునే తీరికే ఉండదు. టిఫిన్ ఆలస్యం కావడం ఆవిడకి ఎప్పటి నుంచో అలవాటు, ఇప్పుడు దానికో ఇంగ్లీషు పేరు దొరికింది. రాత్రి భర్త ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చి, అందరూ తిన్నాక గానీ ఆవిడ కంచం పెట్టుకోదు. సాయంత్రం ఆరింటికే నేను తినేస్తానంటే అత్తగారు ఏమంటుందో వేరే చెప్పాలా? పెందలాడే తినే ఫాస్టింగ్ మన ఇళ్లలో ఆహార సమస్య కాదు, మర్యాదల సమస్య. ఎదురింటావిడకి కుదిరిందంటే పిల్లలు అమెరికాలో ఉన్నారు, భర్త కూడా ఏడింటికే తినడానికి ఒప్పుకున్నాడు. ఆ రెండో ముక్కని ఏ యాప్‌లోనూ డౌన్‌లోడ్ చేసుకోలేం.

టిఫిన్ మానేస్తే పోయేది కేలరీలు మాత్రమే అయితే గొడవే లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకి 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, ఇనుము 29 మిల్లీగ్రాములు. రెండు పెసరట్లు వేసుకుంటే 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. గుడ్డుకి 6, గ్లాసు పాలకి మరో 6. ఇవన్నీ మనం ఎక్కువగా పొద్దున తినేవే. మధ్యాహ్నం అన్నం, గరిటెడు పప్పు, కూర, పెరుగు కలిపితే 17 దాటడం కష్టం. రాత్రి రెండు పుల్కాలు, కూర, మజ్జిగ అంటే 10. మొత్తం 27. ఎవరూ పస్తు లేరు, కడుపు నిండింది, ప్రొటీన్ మాత్రం సగం దగ్గరే ఆగింది. మూడు నెలల తర్వాత దువ్వెనకి వెంట్రుకలు ఉండలు కట్టి వస్తుంటే షాంపూ మారుస్తాం.

ఇక రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో అధిక బరువు ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఈ రెండు గుంపులూ వేర్వేరు మనుషులనుకోకండి. లావుగా ఉండి రక్తం లేనివాళ్లు మన చుట్టూ బోలెడంత మంది. ఆవిడకి బరువు తగ్గాలి, ఇనుము పెరగాలి. తినే పూటలు కుదిస్తే మొదటిది జరగొచ్చు, రెండోది ఇంకా దిగజారొచ్చు. ఆకలి చంపుకోవడానికి తాగే టీ, కాఫీలు భోజనానికి దగ్గర పడితే ఇనుమును ఒంటబట్టనివ్వవు. గంట ఎడం పెట్టి తాగడం, అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం చిన్న పనులే గానీ ఫలితం ఉంటుంది.

మందుల డబ్బా

ఈ విషయాన్ని వీడియోల్లో దాదాపు ఎవరూ ఎత్తరు. నలభై దాటిన తెలుగింటి ఆడవాళ్ల మందుల డబ్బా తెరిస్తే థైరాయిడ్, ఇనుము, కాల్షియం, షుగర్, బీపీ బిళ్లల్లో రెండు మూడైనా ఉంటాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్లతో, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఇనుము, కాల్షియం దానికి నాలుగు గంటల దూరంలో. ఆ రెండూ మళ్లీ ఒకదానితో ఒకటి కలవకూడదు. రోజంతా ఉంటేనే ఇదో రైల్వే టైంటేబుల్. ఎనిమిది గంటల్లోకి కుదిస్తే సాధారణంగా జరిగేదేంటంటే, ఏదో ఒక బిళ్ల మానేస్తారు, లేదా అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తారు.

షుగర్ మాత్రలతో ప్రమాదం ఇంకా సూటిగా ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ అలా కాదు. పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ మానేస్తే పదకొండింటికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఫాస్టింగ్‌లో ఒళ్లు శుభ్రపడుతోందని సర్దిచెప్పుకునే లక్షణాలు కావివి. వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడేవాళ్లు పస్తు ఉంటే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం వేరే ఉంది. ఈ మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మోతాదు మార్పించుకున్నాకే గంటల జోలికి వెళ్లాలి.

మెనోపాజ్ దాటినవాళ్లకి నెలసరి తప్పుతుందన్న దిగులు లేదు గానీ, కండ, ఎముక తరుగుతున్న వయసది. తిండి తగ్గించి, బరువులెత్తే వ్యాయామం చేయకపోతే తగ్గిన కిలోల్లో కండ ఎక్కువ పోతుంది. ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉండి, బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఆ జబ్బు నలభై దాటిన ఆడవాళ్లలోనే ఎక్కువ. మైగ్రేన్ ఉన్నవాళ్లకి పూట తప్పితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు.

మన ఉపవాసాలు ఇవి కావా?

'మన పెద్దవాళ్లు ఒక్కపొద్దులు ఉండలేదా' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఉన్నారు. శనివారం ఒక్కపొద్దంటే మధ్యాహ్నం కడుపునిండా భోజనం, రాత్రికి ఉప్పుడుపిండో, అట్లో. అట్లతద్దికి తెల్లారకముందే లేపి గోంగూర, పెరుగుతో అన్నం తినిపించి, చంద్రుణ్ణి చూశాక అట్లు పెట్టేవాళ్లు. కార్తీక సోమవారం నక్షత్రాలు కనబడేదాకా. మర్నాడు మామూలే. వారానికోసారి, నెలకోసారి వచ్చేదాన్ని ఏడాది పొడవునా రోజూ చేసేదానితో కలిపేయకూడదు. లంఖణం పరమౌషధం అన్నారు, నిజమే, ఔషధానికి మోతాదు ఉంటుందని కూడా వాళ్లకి తెలుసు.

మినహాయింపులూ ఉండేవి. కడుపుతో ఉన్నవాళ్లని, బాలింతలని ఉపవాసం ఉండనిచ్చేవాళ్లు కాదు. రంజాన్‌లో నెలసరి రోజుల్లో ఉపవాసమే లేదు, ఆ రోజులు తర్వాత తీర్చుకుంటారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి హాని అనుకుంటే సడలింపు ఉంది. యాప్‌కి ఇవేవీ తెలియవు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని పోషకాహార సంస్థ చెబుతుంటే, డెలివరీ అయిన మూడో నెలలో పొట్ట తగ్గించుకోవడానికి 16:8 మొదలుపెట్టినవాళ్లని చూశాను. అది వద్దు. ఎదిగే వయసు ఆడపిల్లలకి వద్దు. తిండి విషయంలో ఒకప్పుడు ఆకలి చంపుకుని, లేదంటే తిని కక్కుకుని ఇబ్బంది పడ్డవాళ్లకి అసలే వద్దు, మానిన గాయాన్ని గోకినట్టవుతుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకపోవడం మంచిది.

ఇవేవీ లేని మనిషి, బరువు తగ్గాల్సిన మనిషి చేయాలనుకుంటే నేను పన్నెండు గంటలతో మొదలుపెట్టమంటాను. రాత్రి ఏడున్నరకి ఆపి పొద్దున ఏడున్నరకి తినడం. కుదిరితే పదమూడు, పద్నాలుగు. జరపాల్సింది రాత్రి భోజనాన్ని, మానాల్సింది పొద్దుటి పెసరట్టుని కాదు. పీరియడ్స్‌కి ముందు వారం ఆకలి ఎక్కువవుతుంది, ఆ వారం గంటలతో కుస్తీ పట్టకుండా తినడమే. నెలసరి చక్రాన్ని బట్టి రోజుకో రకం ఫాస్టింగ్ అమ్మే యాప్‌లూ ఉన్నాయి, వాటి వెనక గట్టి ప్రయోగాలేవీ లేవు. డేట్ వెనక్కి జరగడం, చలి ఎక్కువ అనిపించడం, నిద్ర పట్టకపోవడం, జుట్టు రాలడం, చిరాకు, వీటిలో రెండు కలిసి కనిపిస్తే యాప్ తీసేయడానికి అది చాలు.

మా పిల్ల రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. పొద్దున రెండు పెసరట్లు, మధ్యాహ్నం అన్నంలోకి గుడ్డు, జిమ్ వారానికి మూడు రోజులు. ఏడు వారాలకి డేట్ వచ్చింది. అర్ధరాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టింది, పక్కన ఏడుపు బొమ్మో నవ్వు బొమ్మో అర్థం కాలేదు. రెండు కిలోలు పెరిగింది. పెళ్లి జాకెట్లు కొలత ప్రకారం ముందే కుట్టించేశాం కదా అని అక్క తల పట్టుకుంది. టైలర్ మాత్రం తాపీగా, లోపల అంగుళంన్నర గుడ్డ వదిలాననీ, పెళ్లికూతుళ్ల జాకెట్లకి ఎప్పుడూ అలాగే వదులుతాననీ చెప్పి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.